ఫ్లాట్ అంటే ఇల్లనుకున్నాను

మా తెలుగు సహవాసంలో ఒక తమ్ముడి భార్యకు ఈ మధ్య రొమ్ములో గడ్డ ఉందని తేలింది. ఆరాధన అయ్యాక అతను నన్ను బయట ఆపి, "అన్నా, నువ్వు ఇదంత చూసినోడివి. ఏం జెయ్యాల్నో జెర చెప్పు," అన్నాడు. ప్రార్థన చెయ్యి, ధైర్యం చెప్పు, టైముకు మందులియ్యి అని చెప్పి పంపించాను. కారెక్కాక సిగ్గేసింది. అతనికి చెప్పాల్సింది అది కాదు. నేను ఏం చేశానో చెప్పాలి.

అందుకని రాస్తున్నాను. రాసింది నా భార్య సుగుణకు ఇచ్చాను. ఆమె ఒకచోట కొట్టేసింది, ఒకచోట దిద్దింది. అవి ఎక్కడెక్కడో వచ్చినప్పుడు చెబుతాను. ఆమె బతుకుతుందా లేదా అన్నది డాక్టర్ల చేతిలో ఉండింది. నాతో బతుకుతుందా లేదా అన్నది నా చేతుల్లో ఉండింది. నా చేతులు ఎలాంటివో నాకు ముందే తెలుసు.

మార్చి

నేను బహ్రెయిన్‌లో, మామీర్ దగ్గర ఇనుప మెట్లు, చట్రాలు తయారుచేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. మాది జగిత్యాల దగ్గర. జిదాఫ్స్‌లో ఫ్లాట్ తీసుకుని ఉంటాం. సుగుణ నర్సరీ బడిలో టీచర్. మాకు ఒక్కతే కూతురు, స్నేహ, తొమ్మిదో తరగతి. శుక్రవారం ఆరాధనలో పాటలు నడిపించేది నేనే. నా గొంతు బాగుంటుందని అందరూ అంటారు. మిగతా వారమంతా ఆ గొంతు ఎలా ఉంటుందో మా ఇంట్లో ఇద్దరికే తెలుసు.

జబ్బు రాకముందు కూడా సుగుణను కొట్టాను. మాటకు మాట చెప్పిందని కొట్టాను. కొట్టిన తర్వాత మోకరించి ప్రార్థన చేసేవాడిని, లేచేసరికి నాకు తేలికగా ఉండేది. ఆమెకు ఎలా ఉందో అడిగింది లేదు.

ఆ నెలలో సుగుణకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది, రెండు వైపులా ఉందన్నారు. రెండూ తీసేయాలన్నారు. ఆసుపత్రి పార్కింగ్‌లో కారు ఎక్కి, స్టీరింగ్‌ను పిడికిళ్ళతో గుద్దాను. హారన్ మోగుతూనే ఉంది. పక్క కారులోని పిల్లలు చెవులు మూసుకున్నారు. సుగుణ నా మణికట్టు పట్టుకుని, "చాలు, మంది చూస్తున్రు," అంది. జబ్బు ఆమెది. పట్టుకుని ఆపాల్సింది కూడా ఆమే అయింది.

ఏప్రిల్

ఆ నెలంతా వెయిటింగ్ హాళ్ళలోనే గడిచింది. స్కానులు, రక్తాలు, సంతకాలు. ఎవరో చెప్పారు నాకు: "ఇప్పుడు అట్ల లేదన్నా, తీసిన్నాడే కొత్తవి పెట్టేస్తరు. లేచేసరికి అన్నీ ఉంటయ్." ఆ మాట నాకు నచ్చింది. సుగుణను అడగాలని కూడా తోచలేదు. ఆమె ఒంటి సంగతి కూడా నేనే తేల్చేశాను.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. ఆమె బహ్రెయినీ, మెత్తగా మాట్లాడే మనిషి. సుగుణ తెర వెనక బట్టలు మార్చుకుంటోంది. "మీ భార్య గో ఫ్లాట్ అంటోంది. మీకు ఓకేనా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

ఇక్కడ ఇన్నేళ్ళ నుంచి ఉంటున్నాను. ఫ్లాట్ అంటే నాకు ఇల్లే. ఫ్లాట్ అద్దె, ఫ్లాట్ తాళం, ఫ్లాట్‌కి పోదాం పా. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండకుండా ఇంటికి పోతానంటోంది కాబోలు అనుకున్నాను.

"ఫ్లాట్ ఓకే డాక్టర్," అన్నాను. "వెరీ గుడ్ ఫ్లాట్. ఏసీ ఉంది, లిఫ్ట్ ఉంది, నో ప్రాబ్లం."

డాక్టరమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి, నవ్వి, తల ఊపింది. నేనూ నవ్వాను.

మే

ఆపరేషన్ రోజు పక్క కుర్చీలో ఒక బహ్రెయినీ ముసలాయన. ఆయన భార్య కూడా లోపలే ఉంది. ఫ్లాస్కులోంచి చిన్న కప్పులో గావా, అంటే అరబ్బు కాఫీ, పోసి ఇచ్చాడు. భాష కలవలేదు. నా అరచేతిలో ఒక ఖర్జూరం పెట్టి, తన చేత్తో నా వేళ్ళు మూశాడు. ఆ ఏడాది నా పిడికిలిలో ఉన్న మంచి వస్తువు అదొక్కటే.

కట్టు విప్పే రోజున నన్ను లోపలికి రానిచ్చారు. సిస్టర్, ఒక మలయాళీ నర్సు, నిదానంగా పొరలు తీసింది. కొంచెం వాచి ఉంటాయి, కుట్లు ఉంటాయి, కానీ ఉంటాయి అనుకుంటూ నిలబడ్డాను. చివరి పొర వచ్చింది. అక్కడ ఏమీ లేదు. చంక నుంచి చంక దాకా నల్లటి దారంతో కుట్టిన రెండు గీతలు, వాటి చుట్టూ కమిలిన చర్మం.

"ఇదేంది? పెట్టలేదా?" అన్నాను.

డాక్టరమ్మ నా ముఖం చూసింది. "ఫ్లాట్ అని మీరు ఒప్పుకున్నారు కదా," అంది.

ఫ్లాట్ అంటే కొత్తవి పెట్టకుండా చదునుగా వదిలేయడమని అప్పుడు అర్థమైంది. సిగ్గు కాళ్ళలో నుంచి పైకి వచ్చింది. నాలో సిగ్గు ఎప్పుడూ సిగ్గుగా బయటికి రాదు. పక్కనున్న స్టీలు ట్రాలీని కాలితో తన్నాను. కత్తెర్లు, గిన్నెలు, దూది డబ్బా, అన్నీ నేల మీద మోగాయి. సిస్టర్ గోడకు అతుక్కుపోయింది. సుగుణ ఒంటి మీద గుడ్డ లేకుండా మంచం అంచున కూర్చుని ఉంది. చేతులు అడ్డం పెట్టుకోవాలని చూసింది, పైకి లేవలేదు. ఆపరేషన్ తర్వాత చాలా రోజులు చేతులు లేవవు. తలుపు తెరుచుకుని గార్డు వచ్చాడు. అతని ఛాతీ మీద రెండు చేతులూ వేసి గోడకేసి తోశాను. ఇద్దరు కలిసి నన్ను వరండాలోకి లాక్కుపోయారు. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నారు.

కారులో అన్నాను, "నన్ను అడగకుంట ఎట్ల జేసిర్రు?"

"నిన్ను అడిగిండ్రు. ఓకే అన్నవ్."

"నేను ఇల్లు అనుకున్న."

సుగుణ నవ్వబోయి నొప్పితో ఆగిపోయింది. "ఏసీ ఉంది, లిఫ్ట్ ఉంది అన్నవట గద. డాక్టరమ్మ వచ్చి నాకు చెప్పింది. నాకు ధైర్యం కావాల్నని పరాచికం ఆడినవ్ అనుకున్న. ఆ మాట పట్టుకునే లోపలికి పోయిన."

"నువ్వు నాకు చెప్పలే."

"ముహర్రక్ వంతెన మీద చెప్పిన. మళ్ల పెట్టిచ్చుకునుడు వద్దు, మళ్ల కోసుడు నాతోని కాదు అన్న. నువ్వు పాట సౌండ్ పెంచినవ్."

నాకు గుర్తొచ్చింది. అది నేను శుక్రవారానికి నేర్చుకుంటున్న పాట.

జూన్

వర్క్‌షాపులో రఫీక్ భాయ్ అని ఒక ఫిట్టర్ ఉన్నాడు. పాకిస్తాన్ మనిషి. చాలా ఏళ్ళుగా కలిసి పనిచేశాం. సుగుణ సంగతి నేనెవరికీ చెప్పలేదు, అయినా అందరికీ తెలుసని నాకు అనుమానం. ఇద్దరు నవ్వుకుంటే మమ్మల్ని చూసే నవ్వుతున్నారనిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ రఫీక్ భాయ్ నా దగ్గరికొచ్చి, "దానియేల్ భాయ్, భాభీ ఫ్లాట్ మే హై క్యా?" అన్నాడు.

వదిన ఇంట్లో ఉందా అని అడిగాడు. నాకు అలా వినపడలేదు. నాకు ఆమె ఛాతీ వినపడింది. చేతిలో పైపు రెంచి ఉంది. ఏ దేవుడు గుర్తొచ్చాడో, దాన్ని వదిలేసి పిడికిలితో కొట్టాను. నోటి మీద తగిలింది. అతను వెనక్కి పడ్డాడు. చేతిలో ఉన్న టిఫిన్ క్యారియర్ ఇనుప ముక్కల మీద పడి విచ్చుకుంది. వేడి ఖిచిడీ నేలంతా పాకింది.

అతను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని లేచాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. అరచేతిలోకి ఒక పన్ను ఉమ్మి, దాన్నే చూస్తూ, "ఫ్లాట్ మే హై క్యా, యహీ తో పూఛా," అన్నాడు. ఇంట్లో ఉందా అనే అడిగాడు, ఉంటే అటువైపు పోతూ ఆ ఖిచిడీ ఇద్దామని. అతని భార్య పొద్దున్నే లేచి వండింది.

కంపెనీకి చెబితే నన్ను ఆ వారమే విమానం ఎక్కించేవాళ్ళు. సుగుణ వైద్యం అక్కడితో ఖలాస్. నిచ్చెన మీది నుంచి జారానని చెప్పాడు రఫీక్ భాయ్. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఖిచిడీ మాత్రం రెండు రోజుల తర్వాత మా తలుపు దగ్గరికి మళ్ళీ వచ్చింది, వాళ్ళావిడ చేత్తో.

జూలై

సుగుణ కోలుకున్నందుకు కృతజ్ఞతారాధన పెట్టమని పాస్టరుగారిని నేనే అడిగాను. దానికోసం మనామా వెళ్ళి, సిలికాన్ మెత్తలున్న బ్రా కొనుక్కొచ్చాను. ఆమెకు కావాలని కాదు. ఆమె పక్కన నిలబడే నాకు కావాలని.

శుక్రవారం ఉదయం తెల్ల చీర కట్టుకుని, కొంగు మామూలుగా వేసుకుని బయటికొచ్చింది. అద్దం ముందు ఒక్కసారి నిలబడి, తల దువ్వుకుంది. బాగుంది. ఇప్పుడు రాస్తున్నాను ఆ మాట. అప్పుడు అనలేదు.

"అది వేసుకోలేదేంది?"

"గుచ్చుతది. బరువుంటది. నాకొద్దు."

"జనం ఏమనుకుంటరు?"

"రొమ్ములు లేవు అనుకుంటరు. లేవు గద."

నేను గది తలుపు మూశాను. ఆమె భుజం పట్టి తిప్పి, కొంగు లాగేసి, ఆ పట్టీల్లోకి ఆమె చేతులు తోశాను. పైకి లేవని చేతులని తెలిసే లాగాను. ఆమె నా ముంజేతిని కొరికింది. చెంప మీద కొట్టాను. ఒకసారి కొట్టానని రాశాను, సుగుణ దిద్దింది: రెండుసార్లు. బీరువాకేసి అదిమి, వెనక హుక్కు పట్టడం కోసం మోకాలితో ఆమె నడుము నొక్కాను. ఆమె అరవలేదు. పక్క ఫ్లాట్‌లో వింటారని అరవలేదని తర్వాత చెప్పింది. ఎడమ చంక కింద, ఇంకా మానని చోట, గీత విచ్చుకుంది. తెల్ల చీర మీద ఎరుపు నా అరచేతి దాకా వచ్చింది.

తలుపు తోసుకుని స్నేహ వచ్చింది. తన డ్రెస్సు ఇస్త్రీ చేసుకుంటోంది అప్పటిదాకా. ఇస్త్రీ పెట్టె చేతిలోనే ఉంది, వైరు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

"డాడీ, చెయ్యి తియ్," అంది, దాన్ని నా ముఖం దగ్గరికి ఎత్తి.

దాని అంచు వేడి నా చెంపకు తెలుస్తోంది. నా కూతురు నన్ను కాల్చగలదు. ఆ పిల్ల కళ్ళు చూస్తే నాకు అనుమానం లేకపోయింది. చెయ్యి తీశాను.

వాళ్ళిద్దరూ టాక్సీలో ముహర్రక్ వెళ్ళిపోయారు, సహవాసంలో సుగుణకు దగ్గరైన శాంతక్క దగ్గరికి. అక్కది అమలాపురం. భర్త పోయాక ఇక్కడే ఆఫీసులో లెక్కలు చూసుకుంటూ, ముహర్రక్ పాత వీధుల్లో ఒక చిన్న ఇంట్లో అద్దెకుంటోంది.

నేను చొక్కా మార్చుకుని చర్చికి వెళ్ళాను. పొడుగు చేతుల చొక్కా, కొరికిన చోటు కనపడకుండా. పాటలు నడిపించాను. సాక్ష్యం చెప్పాను. దేవుడు నా భార్యను స్వస్థపరిచాడని, ఆమె ఇంట్లో విశ్రాంతి తీసుకుంటోందని. అందరూ ఆమేన్ అన్నారు. ఈ పేరా తీసేయనా అని సుగుణను అడిగాను. ఉండనీ అంది.

చర్చి మెట్లు దిగుతుంటే ఫోను మోగింది.

"కారేసుకుని రా," అంది శాంతక్క. "రక్తం ఆగట్లేదు. నోరు మాత్రం ఇంటి దగ్గర పెట్టి రా."

ఆసుపత్రిలో అదే సిస్టర్. నన్ను చూసి ట్రాలీని దూరంగా జరిపింది. ఎలా తెగిందని సుగుణను అడిగింది. పడ్డానంటుందని నేను ఎదురుచూశాను. ఎప్పుడూ అలాగే అనేది.

"నా భర్త చేసిండు," అంది సుగుణ. ఇంగ్లిష్‌లో, హిందీలో, రెండిట్లో చెప్పింది, పొరపాటు పడకుండా.

సిస్టర్ నా వైపు తిరిగింది. "అవును," అన్నాను. అది నా గొంతులా లేదు. ఎక్కడికి వెళ్ళి ఫిర్యాదు చేయొచ్చో సిస్టర్ ఆమెకు నెమ్మదిగా చెప్పింది. సుగుణ అంతా విని, "ఇయ్యాల కాదు. మల్లొకసారి చెయ్యి లేస్తే పోత," అంది. సిస్టర్‌కు కాదు, నాకు చెప్పింది. తర్వాత, "ఇటు రా. నువ్వు చించింది చూడు," అంది.

చూశాను. గీత విచ్చుకున్న చోట ఎర్రగా నోరు తెరుచుకుని ఉంది. మిగతాదంతా మానుతోంది. పక్కటెముకల మీద చర్మం పల్చగా ఉంది, దాని కింద గుండె కొట్టుకోవడం పైకి కనిపిస్తోంది. అంత దగ్గరగా ఉంటుందని నాకు తెలియదు. నా మోకాలు, నా చేతులు దాన్ని ఎంత గట్టిగా అదిమాయో మాత్రం తెలుసు.

ఆగస్టు నుంచి

సుగుణ ముహర్రక్‌లోనే ఉండిపోయింది. శాంతక్కకు డ్రైవింగ్ రాదు. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మాత్రం నాకు పిలుపు వచ్చేది. సుగుణ, స్నేహ వెనక సీట్లో కూర్చునేవాళ్ళు. వంతెన దాటేటప్పుడు పాట పెట్టేవాడిని కాదు. ఆమె ఏమైనా చెబుతుందేమో అని.

ఒకరోజు ధైర్యం చేసి గుమ్మం దాటబోయాను. శాంతక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కడికయ్యా?"

"ఒక్క మాట మాట్లాడి పోత అక్కా."

"మాటలు చాలానే మాట్లాడేవు. సాక్ష్యం బెమ్మాండంగా చెప్పేవంటగా. ఇక్కడ బకెట్లో చీర నానబెట్టేను, దాని చేత కూడా చెప్పించమంటావా?"

విమానం ఒకటి ఇంటి మీది నుంచి కిందికి దిగుతూ పోయింది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం. ఆ చప్పుడు తగ్గాక, "నీ చేతులెక్కడ పెట్టుకోవాలో ముందు నేర్చుకో," అని తలుపేసింది.

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఇంటి విషయం ఇంట్లోనే ఉండనీ, ప్రార్థన చేసుకుందాం అన్నారు. ఎన్నో ఏళ్ళు నేను చేసింది అదే కదా అని, పాటలు మానేసి వెనక వరసలో కూర్చున్నాను. అడిగిన వాళ్ళకు ఎందుకో చెప్పాను. కొందరు నాతో కరచాలనం మానేశారు, ఒకాయన మాత్రం భుజం తట్టి, అందరిళ్ళల్లో ఉండేదేగా అన్నాడు. ఎక్కువ భయమేసింది ఆయన మాటకే. రఫీక్ భాయ్ ఇంటికి వెళ్ళి అతని భార్య ముందు క్షమాపణ అడిగాను. ఆమె టీ ఇచ్చింది. అతను పన్ను లేని సందు చూపిస్తూ, "అబ్ సీటీ అచ్ఛీ బజ్‌తీ హై," అని, ఇప్పుడు ఈల బాగా పలుకుతోందని ఈల వేసి చూపించాడు.

ఇక్కడ 'నేను మారిపోయాను' అని ఒక వాక్యం ఉండేది. సుగుణ కొట్టేసింది అదే. "అది నువ్వు జెప్పేది కాదు," అంది.

డిసెంబర్

క్రిస్మస్ చీరకు జాకెట్ కుట్టించుకోవాలని సుగుణ ఫోను చేసింది. పాత జాకెట్లన్నీ ముందువైపు వదులుగా ముడుచుకుపోతున్నాయి. జిదాఫ్స్ బజారులో మాకు తెలిసిన బెంగాలీ టైలరు ఉన్నాడు. నేను వాళ్ళను ముహర్రక్ నుంచి తీసుకొచ్చాను. స్నేహ పక్క షాపులో గాజులు చూస్తూ ఉండిపోయింది.

టైలరు భుజం, చెయ్యి, నడుము కొలిచాడు. పుస్తకంలో రాసుకుంటూ, తలెత్తకుండా అడిగాడు: "కప్ డాల్నా హై మేడమ్?"

"నహీ," అంది సుగుణ. "ఫ్లాట్."

అతను పెన్సిలు ఎత్తి పట్టుకుని, "ఫ్లాట్ నంబర్?" అన్నాడు.

షాపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. కుట్టు మిషను ఆగింది. సుగుణ టైలరు వైపు చూడలేదు, నా ముఖం వైపు చూడలేదు. నా కుడి చేతి వైపు చూసింది. నేనూ చూశాను. అది అప్పటికే ముడుచుకుని ఉంది. ఎప్పుడు ముడుచుకుందో నాకు తెలియదు.

దాన్ని తెరిచి, కత్తిరించే బల్ల మీద, పరిచిన గుడ్డ మీద, వెల్లకిలా పెట్టాను.

"నంబర్ నహీ భాయ్," అన్నాను. "ఆపరేషన్ అయింది ఆమెకు. సీనా ఫ్లాట్ హై. టక్స్ వద్దు, కప్పులు వద్దు. ఉన్నది ఉన్నట్టు కుట్టు."

ఆ మాట నేను పదిమంది ముందు అనడం అదే మొదటిసారి. టైలరు నాలుక కరుచుకుని, మాఫ్ కర్నా మేడమ్, మాఫ్ కర్నా అంటున్నాడు. సుగుణ నవ్వడం మొదలుపెట్టింది. పక్కటెముకలు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఏసీ ఉంది, లిఫ్ట్ ఉంది," అంది నా వైపు తిరిగి, మళ్ళీ నవ్వింది. ఈసారి నొప్పితో ఆగలేదు.

టైలరు భయంభయంగా పుస్తకం మళ్ళీ తెరిచాడు. "మేడమ్, లేకిన్ డెలివరీ కే లియే... ఫ్లాట్ నంబర్ తో చాహియే."

సుగుణ నవ్వు తగ్గింది. శాంతక్కది ఫ్లాట్ కాదు, ఇల్లు. బల్ల మీద నా చెయ్యి ఇంకా తెరిచే ఉంది. దాన్ని చాలాసేపు చూసింది, గుడ్డ నాణ్యం చూసినట్టు.

"ఇరవై మూడు," అంది. మా తలుపు మీది నంబరు.

టైలరు రాసుకున్నాడు. స్నేహను పిలుచుకుని కారు దగ్గరికి వచ్చాం. ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను. సుగుణ వెనక సీట్లోనే కూర్చుంది.